ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్ దానంతటదే సింక్ అవ్వాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫోటోల ఫోల్డర్ ఉంది, వారానికోసారి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి చేత్తో కాపీ చేస్తున్నా, ప్రతిసారీ "రీప్లేస్ చేయాలా, స్కిప్ చేయాలా" అని అడుగుతుంది, ఏది కొత్తదో ఏది పాతదో నాకే గుర్తుండట్లేదు. మారినవి మాత్రమే వెళ్లేలా ఏదైనా దారి ఉందా?

రిప్లై 1:
రోబోకాపీ అని ఫైళ్లు కాపీ చేసే కమాండ్ విండోస్‌లోనే ఉంది బ్రో, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆ కమాండ్‌తో చిన్న బ్యాచ్ ఫైల్ (స్క్రిప్ట్) రాసి, పనుల్ని దానంతటదే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టేయ్, మిర్రర్ ఆప్షన్ ఇస్తే రెండు వైపులా ఒకేలా ఉంటాయి.

రిప్లై 2:
మిర్రర్‌తో జాగ్రత్తండీ! ఇటువైపు డిలీట్ చేసింది అటువైపు కూడా పోతుంది. నాకైతే ఇంకా ఘోరం, ఒకరోజు వేరే పెన్‌డ్రైవ్ ముందు పెట్టా, బ్యాకప్ డ్రైవ్‌కి వచ్చే 'E' అనే డ్రైవ్ లెటర్ దానికి వచ్చింది, స్క్రిప్ట్ దాన్నే బ్యాకప్ డ్రైవ్ అనుకుని అందులో ఉన్నవన్నీ ఊడ్చేసింది. అప్పట్నుంచి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో బ్యాకప్ డ్రైవ్‌కి జెడ్ లెటర్ ఫిక్స్ చేసుకున్నా, పైగా డ్రైవ్‌లో ఒక గుర్తు ఫైల్ పెట్టి అది కనిపిస్తేనే స్క్రిప్ట్ నడిచేలా రాశా. మొదటిసారి రోబోకాపీని ఎల్ స్విచ్‌తో (/L అనే ఆప్షన్) నడిపి చూడండి, ఏం చేయబోతుందో లిస్ట్ చూపిస్తుంది అంతే, ఏదీ ముట్టుకోదు.

రిప్లై 3:
కమాండ్లు వద్దనుకుంటే ఫ్రీఫైల్‌సింక్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి, డిలీట్ అయిన ఫైళ్లని వేరే ఫోల్డర్‌లో దాచే వెర్షనింగ్ ఉంది. డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియోలు ఎక్కవు, అది చెక్ చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
గుర్తు ఫైల్ ఐడియా అదిరింది అన్నా, ఈ రాత్రికే ఎల్‌తో ట్రై చేస్తా