బుచ్ క్యాసిడీ సినిమా తిరుపతిలో వేస్తే జనం చివరిదాకా కూర్చుంటారా?

అలిపిరి_రీలు:
మా ఫిల్మ్ క్లబ్బులో 'బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్' (1969) వేద్దామనుకుంటాండాం. తిరుపతిలోనే చిన్న హాలు, పది అడుగుల వెడల్పు తెర. వచ్చేవాళ్లలో సగం కాలేజీ పిల్లోళ్లు, సగం 1971 నాటి కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' అభిమానులు. కౌబాయ్ అంటే నిధి, గుర్రాలు, చివర్లో ఎదురెదురు కాల్పులు ఉంటాయని వస్తారు. ఇందులో చూస్తే హీరోలిద్దరూ పారిపోతానే ఉంటారు. ఆ ఛేజింగ్ కొంచెం కత్తిరిస్తే తప్పా? ఇంటర్వెల్ ఎక్కడివ్వాలి? తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాసినాం, ప్లే చేస్తే ఒత్తులు విడిపోతాండాయి, గంట దాటేసరికి మాట ఒకచోట, అక్షరం ఒకచోట. పర్మిషన్ పని వేరేవాళ్లు చూస్తాండారు.

చంద్రగిరి_లెన్స్:
కత్తిరించొద్దన్నా, సినిమా ప్రాణమంతా అక్కడే ఉండాది. వీళ్లను పట్టుకునే గుర్రపు దండు దాదాపు అరగంట వెంటాడుతుంది, దాంట్లో ఒక్కడి మొహం కూడా దగ్గరగా చూపించరు. పగలు దుమ్ము, రాత్రి దీపాలు, ఒకడి నెత్తిన తెల్ల టోపీ. అంతే. వీళ్లిద్దరూ ఒకే గుర్రమెక్కి రెండోదాన్ని వేరే దారిన తోలేస్తారు. వెంటబడినోళ్లు కాసేపు చీలిపోయి, మళ్లీ సరైన జాడకే వచ్చేస్తారు. రాతినేల మీద నడిపించినా అంతే. ప్రతి ఎత్తూ పారినట్టే ఉంటుంది, వెనక్కి తిరిగితే మళ్లీ అదే దుమ్ము. వీటిల్లో ఒక ఎత్తు తీసేసినా, కొండమీంచి నదిలోకి దూకేటప్పుడు ఇంక వేరే దారి లేదనే నమ్మకం చూసేవాడికి కుదరదు. సన్‌డాన్స్ తనకు ఈత రాదని అరిచే జోకు పేలేది కూడా ఆ అరగంట బిగువు వల్లే.

ఇంటర్వెల్ దూకుడు దగ్గర ఇస్తే చప్పట్లు పడతాయి గానీ, తర్వాత సన్‌డాన్స్ ప్రియురాలు ఎట్టా ప్లేస్ ఇంట్లో జరిగే సీను చప్పబడిపోతుంది. ఆ సీను అయ్యాక, న్యూయార్క్ పాత ఫోటోల వరస మొదలయ్యే ముందు ఆపండి. మొత్తం 110 నిమిషాల్లో సగం దాటి ఉంటారు, కథ కూడా అక్కడే దేశం మారుతుంది.

పాత అభిమానులకు ముందే ఒక మాట చెప్పండి: ఇది నిధి వేట కాదు, కాలం చెల్లిన దొంగల కథ. బుచ్ (పాల్ న్యూమన్) అంతవరకూ ఒక్క మనిషినీ కాల్చి ఉండడు. బొలీవియాలో గని జీతాల డబ్బుకు కాపలా ఉద్యోగంలో చేరాక మొదటిసారి కాలుస్తాడు. దొంగగా ఉన్నన్నాళ్లూ అంటని రక్తం ఒళ్లొంచి పని చేస్తే అంటుతుంది. విలియం గోల్డ్‌మన్ స్క్రిప్టులో ఇంతకన్నా పదునైన చోటు నాకు కనబడలేదు. సినిమా ఇన్నేళ్లు నిలబడింది పాట వల్ల, సైకిల్ వల్ల అంటారు గానీ, నా ఓటు దీనికే.

సౌండ్_పెట్టె:
ఈ సినిమాతో చిక్కేందంటే, దీని గొప్పతనమంతా ఆపరేటర్‌కు మిషన్ ఫాల్ట్ మాదిరి కనబడుతుంది. మీ ఆపరేటర్‌కు ముందే చెప్పిపెట్టండి.

మొదలు గోధుమరంగులో ఉంటుంది. పేకాట గొడవయ్యి, ఇద్దరూ గుర్రాల మీద పోయేటప్పుడు మెల్లగా రంగులొస్తాయి. ఈలోగా కలర్ సెట్టింగ్ గెలికితే తర్వాత మొహాలు పచ్చగా తేల్తాయి. రంగులొచ్చాక కూడా వెలిసినట్టే ఉంటాయి. కెమెరామన్ కాన్రాడ్ హాల్ నెగెటివ్‌కు వెలుగు ఎక్కువ తగలనిచ్చి కావాలనే అట్లా తీశాడు, ఆస్కార్ కూడా అందుకున్నాడు. ప్రొజెక్టర్‌ను 'సినిమా' మోడ్‌లో పెట్టండి, 'వివిడ్' జోలికి పోవద్దు.

మ్యూజిక్ చాలా తక్కువ. ఛేజింగ్‌లో డెక్కల చప్పుడు, గాలి, వీళ్ల గొణుగుడే. మనవాళ్లు స్పీకర్ పోయిందనుకుంటారు. ఒరిజినల్ సౌండ్ మోనో, అంటే ఒకే ట్రాక్, కాబట్టి సరౌండ్ ఎఫెక్ట్ ఆపేయండి, లేకుంటే మాటలు డబ్బాలో నుంచి వచ్చినట్టుంటాయి. స్టాండు ఫ్యాన్లు వద్దు, ఆ హోరులో గొణుగుడు వినబడదు.

చివర బొమ్మ ఆగిపోతుంది, తుపాకుల మోత మాత్రం వినబడుతుంది. ల్యాప్‌టాప్ హ్యాంగయిందని ఎవడో ఒకడు స్పేస్‌బార్ నొక్కుతాడు. నొక్కనీకండి. లైట్లు కూడా పేర్లు అయిపోయాకే వేయాలి.

సబ్‌టైటిల్స్ జారేది ఫ్రేమ్ రేటు వల్ల. మీ ఫైలు సెకనుకు 25 ఫ్రేములకు రాసుంటుంది, సినిమా 23.976లో నడుస్తుంటుంది. గంటకు దాదాపు రెండున్నర నిమిషాల తేడా. ముందుకూ వెనక్కూ జరిపితే మొదలు కుదిరి చివర మళ్లీ తప్పుతుంది. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటే మార్చాలి. ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేసి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఎంచుకోండి. అప్పటికీ ఒత్తులు విడిపోతే ప్లేయర్ పాతది, కొత్త వెర్షన్ వేయండి.

ఈ సినిమా బొమ్మ బాగా వెడల్పు, అందుకే పది అడుగుల తెర మీద దాని ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలే. తెర 16:9 అయితే పైనా కిందా ఎనిమిదేసి అంగుళాల నల్లపట్టీ మిగులుతుంది. అక్షరాలు కింది పట్టీలో పెడితే బొమ్మ పాడవదు, కానీ ముందు వరస తలకాయలు అడ్డమొస్తాయి. తెర కింది అంచు నేల నుంచి నాలుగడుగులైనా ఎత్తులో కట్టండి.

పాకాల_మీటర్‌గేజ్:
రైలు దోపిడీ చూసినోళ్లు కట్టుకథంటారు, అందుకే చెప్తాండా. వయోమింగ్‌లో విల్‌కాక్స్ దగ్గర 1899 జూన్ 2న, టిప్టన్ దగ్గర 1900 ఆగస్టులో యూనియన్ పసిఫిక్ రైళ్లు దోచినారు. రెండుసార్లూ డబ్బు మోసే బోగీలో డ్యూటీలో ఉన్నది ఒకే మనిషి, వుడ్‌కాక్! సినిమాలో పేరు కూడా మార్చలేదు. షూటింగ్ మాత్రం కొలరాడోలోని డురాంగో-సిల్వర్టన్ నారోగేజ్ మీద. ఆ పట్టాల మధ్య వెడల్పు 914 మిల్లీమీటర్లు, మన పాకాల-ధర్మవరం పాత మీటర్‌గేజ్ కన్నా చిన్నది. అసలు యూనియన్ పసిఫిక్‌ది 1435. తెలిసినోళ్లకు బోగీలు బొమ్మల మాదిరి కనబడతాయి.

ఇంకోటి, అసలు మనుషులు 1901లో ముందు పోయింది అర్జెంటీనాకు, అక్కడ చోలీలాలో పశువులు మేపుకున్నారు. సినిమా అదంతా ఎగరగొట్టి నేరుగా బొలీవియాలో దించుతుంది. 1908 నవంబరులో శాన్ విసెంటెలో చుట్టుముట్టింది చిన్న దండే, సినిమాలో మాత్రం సైన్యమే దిగుతుంది.

అలిపిరి_రీలు:
ఫ్రేమ్ రేటు మార్చినాం, కుదిరింది. ఛేజింగ్ అట్లే ఉంచుతాం. ఫ్యాన్లు లేకుండా మాత్రం ఈ ఎండల్లో జనం కూర్చోరు స్వామీ.

సౌండ్_పెట్టె:
ఆట రాత్రి ఏడున్నరకు పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాన్లు రెండో నంబరులో తిరగనిచ్చి, నది దూకే సీను ఒకసారి వేసి వెనక వరసలో కూర్చుని వినండి. మాట తెలిస్తే సరే, లేకుంటే ఫ్యాన్ తగ్గించొద్దు, స్పీకర్లను చెవుల ఎత్తుకు దించండి.