పద్దెనిమిదేళ్లు నిండి బాలసదనం విడిచే అమ్మాయికి ఆసరా ఏది?

ప్రశ్న: నేను పాఠాలు చెప్పే బాలసదనంలో ఒక అమ్మాయికి వచ్చే నెల పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఇంటర్ ఇంకా పూర్తికాని ఆ పిల్ల, తర్వాత ఎక్కడ ఉండాలో తెలియక దిగులు పడుతోంది. చట్టపరంగా ఏదైనా ఆసరా ఉందా అండీ?

జవాబు: ఉందండీ. 2015 బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ ఇలాంటివారికి ఆర్థిక సాయం అందించే వీలు కల్పిస్తోంది. 2016 నమూనా నియమాల ప్రకారం సదనం విడిచాక అందే ఈ ఆసరా (అనంతర సంరక్షణ) 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు కొనసాగవచ్చు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు మంజూరు చేయవచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి.

మరో జవాబు: ఆధార్, కుల ధ్రువీకరణ, బ్యాంకు పాసుపుస్తకం ఆమె చేతికి వచ్చాయో లేదో ముందు చూడండి. నేనూ సదనంలోనే పెరిగాను. పండక్కి రమ్మని పిలిచే ఇల్లు ఒకటి ఉండడం నాకు నెలసాయం కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది. వీలైతే మీరే పిలవండి, మేడమ్.

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా పిలుస్తానండీ. సోమవారం ఆమెతో కలిసి ఆ కార్యాలయానికి వెళ్తాను.