8 షార్ట్ ఫిల్మ్‌లు, 8 రకాల ఫైళ్లు: ఒక్క సాయంత్రంలో ఆగకుండా వేయడం ఎలా?

మూడోవరుస:
మా ఫిల్మ్ క్లబ్ తరఫున వచ్చే నెల ఒక సాయంత్రం 8 షార్ట్ ఫిల్మ్‌లు వేస్తున్నాం. మొత్తం నిడివి 84 నిమిషాలు. హాల్లో 50 కుర్చీలు పడతాయి. నేల చదును, సీలింగ్ ఎత్తు 10 అడుగులు. ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్లది (వెలుతురు కొలత), ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్. సౌండ్‌కి చిన్న మిక్సర్, రెండు స్పీకర్లు.

తలనొప్పి అంతా ఫైళ్లతోనే. సెకనుకు 24 ఫ్రేమ్స్‌వి ఐదు, 25వి రెండు, ఫోన్‌లో తీసిన 30 ఫ్రేమ్స్‌ది ఒకటి. వీటిలో ఒకటి డీసీపీగా (థియేటర్లకు పంపే డిజిటల్ సినిమా ప్యాకేజీ) ఇచ్చారు, ఒకటి వాట్సాప్‌లో పంపారు. రెండింటికి తెలుగు సబ్‌టైటిల్స్ విడిగా ఎస్ఆర్‌టీ ఫైళ్లుగా (మాటలు, వాటి టైమింగ్ మాత్రమే ఉండే టెక్స్ట్ ఫైళ్లు) ఉన్నాయి. ఒక సినిమాలో మాట వినపడదు, దాని తర్వాతది చెవులు చిల్లులు పొడుస్తుంది. అన్నీ కలిపి ఒకే ఫైల్ చేసేయాలా, ప్లేలిస్ట్ పెట్టుకుంటే సరిపోతుందా? తెర ఎంత వెడల్పు పెట్టుకోవచ్చు?

చీకటిగది:
ముందు తెర సంగతి. 10 అడుగుల వెడల్పు పెట్టుకోండి, 16:9కి ఎత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళాలు వస్తుంది. అంటే 56 చదరపు అడుగులు. పూర్తి చీకట్లో చదరపు అడుగుకి 16 ల్యూమెన్ల లెక్కన 900 చాలు. మీది 3000 కదా అని ధీమా పడకండి, సినిమా మోడ్‌లో పెడితే చాలా ప్రొజెక్టర్లు పెట్టె మీద రాసినదాంట్లో సగమే ఇస్తాయి. ఆ సగం సరిపోవాలన్నా హాలు చీకటిగా ఉండాలి. ప్రొజెక్టర్ నలుపుని వేయలేదండీ, అది వెలుతురునే వేస్తుంది. కిటికీ సందులోంచి వచ్చే వీధిలైటు తెర మీద పడితే మీ సినిమాలో అర్ధరాత్రి సీన్లన్నీ బూడిద రంగే. కిటికీలకు నల్లగుడ్డ కట్టండి, బయటికి వెళ్లే దారి దీపం మాత్రం ఆర్పకండి.

తెర అడుగు అంచు నేల నుంచి 4 అడుగులకు తగ్గకూడదు. చదును నేల మీద సబ్‌టైటిల్స్ పోయేది ముందు వరుస తలల వెనకే. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా సందులోకి జరిపి వేయండి. మొదటి వరుస తెరకు 12 అడుగుల దూరంలో ఉంటే మెడలు పట్టేయవు. ప్రొజెక్టర్ త్రో రేషియో (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 10 అడుగుల బొమ్మకు 15 అడుగుల దూరం కావాలి, అంటే అది జనం మధ్యలోకి వస్తుంది. నడిచే దారి దాని ముందు నుంచి పోకుండా చూసుకోండి. బొమ్మ ఏటవాలుగా వస్తే కీస్టోన్ బటన్ మీద ఆధారపడొద్దు, ప్రొజెక్టర్‌నే సరిచేయండి. కీస్టోన్ బొమ్మని లోపల కుదించి సాగదీస్తుంది, సన్న అక్షరాలు మసకబారతాయి.

ఇక ఫైళ్లు. నా ఓటు ఒకే ఫైల్‌కి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 ఫ్రేమ్స్ టైమ్‌లైన్ మీద అన్నీ పరిచి, మధ్యలో 8 సెకన్ల నలుపు పెట్టి, హెచ్.264లో (దాదాపు అన్నిచోట్లా ఆడే వీడియో ఫార్మాట్) 1080పీ, 15 నుంచి 20 ఎంబీపీఎస్‌కి (సెకనుకు మెగాబిట్లు) ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ సాయంత్రం ఒకసారి ప్లే నొక్కడమే పని. 25వి రెండూ మామూలుగా టైమ్‌లైన్ మీద పడేస్తే సాఫ్ట్‌వేర్ సెకనుకో ఫ్రేమ్ తీసిపారేస్తుంది. కెమెరా పక్కకు తిరిగే ప్రతి షాట్‌లో సెకనుకోసారి చిన్న కుదుపు. దానికి బదులు క్లిప్‌ని 24గా ఇంటర్‌ప్రెట్ చేయండి (ఫ్రేములేవీ తీయకుండా సెకనుకు 24 చొప్పున ఆడించడం), వేగం 4 శాతం తగ్గుతుంది. 10 నిమిషాల సినిమా 10 నిమిషాల 25 సెకన్లు అవుతుంది, అంతే. ఆడియోని శ్రుతి మారకుండా సాగదీయండి, లేకపోతే గొంతులు కాస్త బరువెక్కుతాయి.

రీలుపెట్టె:
పై సలహా 24, 25 వరకూ బాగుంది. 30 ఫ్రేమ్స్‌ది ఏం చేస్తారు? 24 టైమ్‌లైన్‌లో ప్రతి 5 ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది. నెమ్మది చేద్దామంటే మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు ఉంటారు. పైగా డైరెక్టర్‌ని అడక్కుండా అతని సినిమా వేగం మార్చడం నాకు నచ్చదు, 4 శాతమైనా సరే. ఆఖరి రోజు ఎవరైనా కొత్త కాపీ పంపితే 84 నిమిషాల ఫైల్ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

ప్లేలిస్టే పెట్టుకోండి, కానీ వచ్చిన ఫైళ్లు వచ్చినట్టు కాదు. ప్రతిదాన్నీ దాని అసలు ఫ్రేమ్ రేట్‌లోనే ఉంచి హెచ్.264, 1920x1080, స్టీరియోకి మార్చండి. నిలువుగా తీసినవి, బాగా వెడల్పాటి 2.39:1వి ఉంటే నల్ల పట్టీలు ఈ దశలోనే వేసేయండి. ల్యాప్‌టాప్ డిస్‌ప్లే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ వేయడం) దగ్గర ఉంటే 30ది నున్నగా పోతుంది, 24ది పర్వాలేదు. 25ది అక్కడ తడబడుతుంది, ఎందుకంటే ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, ఇలా వంతు తప్పి పడుతుంది. 25వి రెండూ పక్కపక్కన వేసుకుని, వాటికి ముందు ఇంటర్వెల్ ఇచ్చి, ఆ పది నిమిషాల్లో డిస్‌ప్లేని 50 హెర్ట్జ్‌కి మార్చండి. అప్పుడు ప్రతి ఫ్రేమ్ సరిగ్గా రెండుసార్లు.

ఫోన్ ఫైల్‌తో ఇంకో చిక్కు. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేట్‌ని స్థిరంగా ఉంచవు. మొదట్లో పెదవులు, మాట కలిసే ఉంటాయి, ఎనిమిదో నిమిషానికి విడిపోతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చి, ఆ తర్వాతే ఎక్కడికైనా తీసుకెళ్లండి.

డీసీపీని లాక్ చేసి ఇచ్చుంటే కేడీఎం (దాని తాళంచెవి ఫైల్) లేకుండా తెరుచుకోదు. లాక్ లేకపోతే డీసీపీ-ఓ-మ్యాటిక్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి హెచ్.264గా తీసుకోవచ్చు. వాట్సాప్‌ది వాడకండి, వీడియోగా పంపితే అది పిండేస్తుంది. చేతిలో చూస్తే తెలియదు, 10 అడుగుల తెర మీద మొహాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. అసలు ఫైల్‌ని డ్రైవ్ లింక్‌గా అడగండి. అడిగేటప్పుడే తేదీ, చోటు, టికెట్ ఉందో లేదో రాసి ప్రదర్శనకు మెయిల్లో అనుమతి కూడా తీసుకోండి. నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టారంటే హాల్లో వేసుకోమని కాదు.

మిక్సర్‌గది:
సౌండ్ గురించి ఎవరూ రాయలేదు, షోలు పాడయ్యేది అక్కడే.

నెట్ కోసం చేసిన మిక్స్ -14 ఎల్‌యూఎఫ్ఎస్ (సగటు శబ్ద తీవ్రత కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టి) దగ్గర ఉంటుంది, టీవీ ప్రమాణంలో చేసింది -23 దగ్గర. ఆ 9 డెసిబెల్స్ తేడానే మీ చెవులు చిల్లులు పొడిచేది. అన్నిటినీ కొలిచి -23కి దించండి, కావలసిన బలం ఆంప్లిఫయర్ ఇస్తుంది. ఎక్కువున్నవి తగ్గించడమే మేలు, తక్కువున్నవి పెంచితే పెద్ద శబ్దాల దగ్గర సౌండ్ చిట్లుతుంది. కొలతని గుడ్డిగా నమ్మొద్దు కూడా. మాటలు లేకుండా గాలి చప్పుడుతో నడిచే సినిమాని -23కి లేపితే గాలి కాస్తా తుఫాను అవుతుంది. అలాంటిదాన్ని చెవితోనే సరిచేయాలి.

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్‌కి వెళ్లే కేబుల్ చూసుకోండి. 3.5 ఎంఎం స్టీరియో పిన్నుని బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో గుచ్చితే కుడి, ఎడమల తేడా మాత్రమే బయటికొస్తుంది. రెండింట్లో సమానంగా ఉండేది డైలాగే కాబట్టి అది మాయమై, వెనక సంగీతం మాత్రం డొల్లగా వినిపిస్తుంది. స్పీకర్లు పాడయ్యాయని అందరూ అటు పరిగెడతారు. రెండు మోనో పిన్నులుగా చీలే కేబుల్ తెచ్చి రెండు చానెళ్లలో పెట్టండి. 5.1 (ఆరు చానెళ్ల) ఆడియో ఉన్న ఫైల్‌లోనూ మాట ఇలాగే పోవచ్చు, అక్కడ డైలాగ్ సెంటర్ చానెల్‌లో ఉంటుంది. స్టీరియోకి మార్చాక ఒక డైలాగ్ సీన్ విని తీరాలి.

గుయ్యిమని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడండి. ఆగిందంటే గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే హమ్). ల్యాప్‌టాప్‌నీ మిక్సర్‌నీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టండి, అప్పటికీ పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ (ఆడియోని బ్యాలెన్స్‌డ్‌గా మార్చి ఎర్త్‌ని విడదీసే చిన్న పెట్టె). బ్లూటూత్ వద్దే వద్దు, మాట పెదవుల వెనకపడుతుంది.

మూడోవరుస:
ప్లేలిస్ట్ పద్ధతికే వెళ్తున్నాం, 25వి రెండూ ఇంటర్వెల్ తర్వాత. ఇంకో రెండు సందేహాలు. ప్లేయర్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ విరిగిపోతున్నాయి. హెచ్‌డీఎంఐ 15 మీటర్లు లాగాలి, పనిచేస్తుందా?

రీలుపెట్టె:
ఎస్ఆర్‌టీని యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) సేవ్ చేశారా చూడండి. వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంటే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వస్తాయి. అక్షరాలు వచ్చి వత్తులు పక్కకు పడుతుంటే తప్పు ఫాంట్‌దో ప్లేయర్‌దో. 'స్త్రీ', 'లక్ష్మి' ఉన్న లైన్ దగ్గర ఆపి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ఆ రోజు ఏ ల్యాప్‌టాప్ దొరుకుతుందో అన్న బెంగ లేకుండా సబ్‌టైటిల్స్‌ని బొమ్మ మీదే బర్న్ చేయండి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి పెట్టినదానికంటే పెంచాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కుతాయి. కింద అంచు నుంచి కాస్త పైకి జరిపితే ముందువాళ్ల తలల బాధ కూడా తగ్గుతుంది.

చీకటిగది:
మామూలు రాగి కేబుల్ 15 మీటర్లకు నమ్మదగింది కాదు. మెరుపుల్లాంటి తెల్ల చుక్కలో, ఉన్నట్టుండి నల్ల తెరో వస్తుంది. ఆప్టికల్ (లోపల ఫైబర్ ఉండే) హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి ఇటూ అటూ ఉంటుంది, 'సోర్స్' అని రాసున్న కొన ల్యాప్‌టాప్ వైపు. తిరగేస్తే బొమ్మే రాదు. కుర్చీలు సర్దకముందే పరిచి టేపు వేయండి. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్ పక్కనే పెట్టి, 2 మీటర్ల కేబుల్‌తో కానిచ్చి, ఆడియో మాత్రం డీఐ బాక్స్ మీదుగా దూరం లాగడం ఇంకా చవక.

ల్యాప్‌టాప్‌లో స్లీప్, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు ఆపేయండి. ప్లేయర్ వీఎల్‌సీ అయితే ప్రతి ఫైల్ మొదట్లో పేరు తెర మీద చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో అది తీసేయండి. లేదంటే మొదటి షాట్ మీద 'ఫైనల్_ఫైనల్_3' అని పడుతుంది. ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీద నుంచి కాకుండా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని ఆడించండి, పెన్‌డ్రైవ్ రెండో కాపీకి. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. షో అయ్యాక ల్యాంప్ ప్రొజెక్టర్ అయితే ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ పీకనివ్వకండి, కుర్చీలు సర్దే హడావిడిలో ఎవరో ఒకరు పీకేస్తారు.