ఇంకుతో మనిషి బొమ్మ గీస్తుంటే గీత పాకిపోతోంది, సాయం చెయ్యండి

లంక కుర్రోడు: మధ్యాహ్నం నుంచీ ఇదే గొడవండీ. నాట్లేసేవాళ్ళు వంగినప్పుడు మెడ నుంచి నడుం దాకా వీపు ఒక్క ఊపులో రావాలి. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ ఇంకు వేళ్ళలా పాకేస్తోంది. పాళీ మార్చినా అంతే. విసుగొచ్చేసింది.

పాతపాళీ: ఏ కాగితం? ఏ ఇంకు?

గోదారి గట్టు: అవన్నీ తర్వాత తమ్ముడూ, ముందు బరువు చూడ్డం నేర్చుకో. ఒంటికాలి మీద బరువేసి నిలబడితే ఆ పక్క తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది. మెడ గుంట నుంచి నిలువుగా గీత దింపితే ఆ పాదం దగ్గరికే రావాలి. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివొచ్చారు. పట్టుమని ముప్పై ఏళ్ళు బతక్కుండా 1925లో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉంది, వెళ్ళి చూడు. ఫోన్లో ఫొటోలు చూసి గీస్తే ఒళ్ళు ఎలా తెలుస్తుంది?

లంక కుర్రోడు: ఫొటో కాదండీ, గట్టు మీద కూర్చునే గీస్తున్నా. జెరాక్సు కాగితం. ఇండియన్ ఇంకే, పెన్నులో పోసేది.

పాతపాళీ: పెన్నులో పోసేది ఇండియన్ ఇంకు కాదు. అసలుది మసి, లక్క కలిపి చేస్తారు. పెన్నులో పోస్తే ఎండి మూసుకుపోతుంది.

కొబ్బరితోట: మా ఊరి షాపులో నల్లగా ఉన్నదల్లా ఇండియన్ ఇంకే మాస్టారూ.

పాతపాళీ: షాపువాడు అన్నంత మాత్రాన అయిపోదు. గీత ఆరాక తడివేలితో రుద్దండి. చెదిరిందా, అది కాదు.

కొబ్బరితోట: లక్క లేకుండా చేసేవీ ఉన్నాయి. వాటినేమంటారు?

నల్లమచ్చ: మీ వాదన తర్వాత కానీ, బాబూ, కింద పెన్సిలు గీసుకుని దాని మీద ఇంకు పెడుతున్నావా?

లంక కుర్రోడు: అవునండీ, లేకపోతే ఎలా?

నల్లమచ్చ: అదే చెయ్యి ఆపేస్తోంది. పెన్సిలు గీత తప్పుతుందేమోనని నెమ్మదిగా వెళ్తావు. పాళీ నిలిచినంతసేపూ కాగితం ఇంకు తాగుతూనే ఉంటుంది. పెన్సిలు మానెయ్యి. అర నిమిషానికో బొమ్మ, మణికట్టుతో కాదు, భుజం నుంచి కదులుతూ గియ్యి. గీత ఎక్కడ ముగుస్తుందో ముందే చూసుకుని, చెయ్యి నడుస్తుండగానే పాళీ ఎత్తెయ్. సన్నగా మొదలై, బరువు పడేచోట లావయ్యి, మళ్ళీ సన్నబడితే వంగిన నడుం దానంతటదే కనిపిస్తుంది. పోతే, ఇంకు పాకకుండా కాగితానికి గంజి పెడతారు. పల్చటి జెరాక్సు కాగితం ఈ తడి ఇంకుకి ఆగదు, పైగా వానాకాలం మన దగ్గర చెమ్మెక్కుతుంది. బొమ్మలు గీసే మందం కార్ట్రిడ్జ్ కాగితం తెచ్చి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో.

గోదారి గట్టు: బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు కదా.

లంక కుర్రోడు: సరేనండీ, రావులపాలెం వెళ్ళినప్పుడు కాగితం చూస్తా. థాంక్స్.

తాటిముంజ: ఆ కార్ట్రిడ్జ్ కాగితం కాకినాడలో విడిగా షీట్ల లెక్కన ఇస్తారా?