తీరం నుంచి విసిరే కొయ్య లూరు వేగంగా లాగితే పక్కకు పొర్లుతోంది: కొయ్యలో లోపమా, పెదవిలో లోపమా?

చంపావతి తీరం (కోనాడ):

సభ్యులందరికీ నమస్కారం. చంపావతి నది సముద్రంలో కలిసే కోనాడ మొగ దగ్గర ఒడ్డున నిలబడి, పండుగప్ప చేపల కోసమూ పార చేపల కోసమూ పొడవాటి రాడ్డుతో లూర్లు (చిన్న చేపలా కనిపించే కృత్రిమ ఎరలు) విసురుతూ ఉంటాను. బొంత చేపల గుంపులు మొగలోకి ఎక్కే రోజుల్లో వాటి వెనుక వచ్చే పెద్ద చేపను అందుకోవాలంటే, లూరు అల విరిగే గీత దాటి పడాలి, అక్కడి నుంచి తిన్నగా ఈదుకుంటూ రావాలి. అటువంటి లూర్లు మన వైపు దుకాణాల్లో దొరకడం కష్టం, తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. అందుచేత కొంతకాలంగా ఇంట్లోనే చెక్కుకుంటున్నాను.

ఇప్పుడు చెక్కిన లూరు పొడవు 15 సెం.మీ., నడుము దగ్గర మందం 25 మి.మీ., రెండు చివరలూ సన్నబడతాయి. తలుపులు చేసే చోట మిగిలిన టేకు ముక్కతో చేశాను. ముక్కు నుంచి తోక దాకా బెజ్జం వేసి, అందులో స్టెయిన్‌లెస్ తీగ దూర్చి, కడుపు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి ట్రెబుల్ హుక్కులు (మూడు కొక్కేల గాలాలు) తగిలించాను. ముక్కు కింద పాలీకార్బొనేట్ పలకతో పెదవి, అంటే నీటి ఒత్తిడిని పట్టి లూరును ఊపే రెక్క, అమర్చాను. అన్నీ కలిపి తూకం 50 గ్రాములు ఉంది, సీసం వేయలేదు.

నిదానంగా చుట్టినంతసేపు లూరు చక్కగా ఊగుతూ వస్తుంది, కాని కొద్దిగా ఎడమకు లాగుతుంది. అల వెనక్కి లాగుతున్నప్పుడు గాని, నేను వేగం పెంచినప్పుడు గాని పక్కకు ఒరిగి, కడుపు పైకి పెట్టి నీటి మీదకు వచ్చేస్తుంది. గాలిలో గింగిరాలు తిరగడం వల్ల దూరం కూడా సగానికి పడిపోతోంది. ఇంకొక సమస్య, కడుపు హుక్కు చుట్టూ రంగు పొక్కులు లేచి ఊడిపోతోంది. పెదవి మార్చాలా, కొయ్య మార్చాలా? అనుభవం ఉన్నవారు వివరంగా తెలియజేయగలరు.

వడ్రంగి పని (బొబ్బిలి):

నమస్కారమండీ. మీరు కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క వేసి చెప్పడం సులువైంది. పెదవి సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు మార్చవలసింది కొయ్య.

లూరుకు తేలికపాటి కొయ్య ఎందుకని అడిగితే తేలడానికి అని చాలామంది చెబుతారు. అది సగం సమాధానం మాత్రమే. తేలికపాటి కొయ్య వల్ల కడుపులో సీసం పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది, అసలు లాభం అక్కడ ఉంది. మీ లూరు ఘనపరిమాణం సుమారు 50 మిల్లీలీటర్లు ఉంటుంది. అంచు దాకా నీళ్లు నింపిన గిన్నెలో దాన్ని సూదితో అదిమి పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని తూచి చూడండి, మీకే తెలుస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం దాకా బరువు కాబట్టి, ఆ లూరును సముద్రం 51 గ్రాముల వరకే మోయగలదు. మీ టేకు ఒళ్లు 31, 32 గ్రాములు తూగుతుంది, హుక్కులు, తీగ, పెదవి కలిపి మరో 19 గ్రాములు అనుకుందాం. అక్కడికే హద్దు నిండిపోయింది, సీసం వేద్దామన్నా చోటు లేదు. అదే కొలతకు బూరుగు కొయ్య వాడితే ఒళ్లు 18 గ్రాములకు మించదు, మొత్తం 37 దగ్గర ఆగుతుంది. తేలడానికి నాలుగు గ్రాములు వదిలిపెట్టినా 10 గ్రాముల సీసం కడుపు అడుగున పెట్టుకోవచ్చు.

రెండు లూర్లూ చివరికి దాదాపు ఒకే బరువు తూగుతాయి, కాని నీటిలో వాటి నడక పూర్తిగా వేరు. టేకు లూరులో బరువు వీపు నుంచి కడుపు దాకా ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, అందువల్ల నీటి ఒత్తిడికి ఒకసారి ఒరిగితే దాన్ని తిరిగి నిలబెట్టే బలం హుక్కుల బరువు తప్ప మరేదీ లేదు. బూరుగు లూరు తంజావూరు బొమ్మలాగా ఎంత ఒరిగినా లేచి నిలబడుతుంది, ఆ ఒరగడం, లేవడమే మనకు కావలసిన ఊపు. వేగం పెంచినా, వెనక్కి లాగే అల తగిలినా తట్టుకునే శక్తి అక్కడి నుంచే వస్తుంది.

కొయ్యల విషయానికి వస్తే, బూరుగు కాని, పెద్దమాను కాని ఎంచుకోండి, ఈ రెండూ అగ్గిపెట్టెల పరిశ్రమ వాడే కొయ్యలే. బూరుగు కొట్టిన వెంటనే కోయించి, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి, దుంగగా వదిలేస్తే నీలం మచ్చలు పట్టి గుల్లబారుతుంది. సరుగుడు మన తీరమంతా ఉన్నది కదా అని దాని జోలికి వెళ్లకండి, అది టేకు కన్నా చాలా బరువు.

పని క్రమం కూడా చెబుతాను. ముక్క ఇంకా నలుపలకగా ఉన్నప్పుడే మధ్య గీతలు నాలుగు వైపులా గీసి, తీగ బెజ్జం రెండు చివరల నుంచి కలిసేలా వేసి, పెదవి గాడి కోసి, ఆ తరువాతే చెక్కడం మొదలుపెట్టండి. గుండ్రంగా చెక్కేశాక గాడి కోయబోతే రంపం నిలవదు, పెదవి వెంట్రుకవాసి వంకర వచ్చినా లూరు జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. సీసానికి 10 మి.మీ. వెడల్పున బెజ్జం వేసి 6 మి.మీ. లోతున నింపితే 5 గ్రాములకు కాస్త పైన పడుతుంది. అటువంటివి రెండు పెట్టుకోండి, ఒకటి కడుపు హుక్కు వెనుకనే, మరొకటి దానికీ తోకకూ మధ్యన. వలకు కట్టే సీసపు గుళ్లను సుత్తితో సాగగొట్టి ఎపాక్సీతో అతికిస్తే చాలు. కరిగించిన సీసం కొయ్యలో పోయవద్దు, లోపల తడి ఉంటే ఆవిరై సీసం ముఖం మీదకు చిమ్ముతుంది.

మహేంద్రతనయ (బారువ):

బొబ్బిలి వారు చెప్పిన లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గాలిలో గింగిరాలు, ఎడమకు లాగడం గురించి మాత్రం నాకు తెలిసింది చేరుస్తాను.

విసిరినప్పుడు లూరులో బరువైన భాగం ముందు ఉండాలని చూస్తుంది. లూరు తోక ముందుగా ప్రయాణిస్తుంది కాబట్టి బరువు నడుముకు వెనుక ఉంటే అది తిన్నగా దూసుకుపోతుంది, నడుములోనే ఉంటే గాలి పెదవిని పట్టి తిప్పేస్తుంది. అలాగని సీసమంతా తోకలోకి నెట్టకూడదు, తోక దిగబడి ఊపు చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య సర్దుబాటు ప్రతి లూరుకూ వేరుగా ఉంటుంది, కాబట్టి బెజ్జం వేయక ముందే పరీక్ష చేసుకోవడం మంచిది. హుక్కులు, పెదవి తగిలించిన లూరు కడుపుకు సీసం ముక్కలను టేపుతో అంటించి, ఉప్పునీళ్ల బకెట్టులో వదలండి. లీటరుకు 35 గ్రాముల ఉప్పు వేస్తే సముద్రపు నీటికి దగ్గరగా ఉంటుంది. కదలకుండా ఉన్నప్పుడు వీపు నీటి పైన కనబడుతూ, తోక కొద్దిగా దిగి, ముక్కు కొద్దిగా లేచి ఉంటే ఆ చోట్లను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. వేలితో పక్కకు పొర్లించి వదిలితే వెంటనే లేవాలి. బద్ధకంగా లేస్తే సీసం ఇంకా కిందికి, అంటే కడుపు అడుగుకు దగ్గరగా జరగాలని అర్థం.

ఎడమకు లాగడానికి కారణాలు ఒకదాని తరువాత ఒకటి చూసుకోవాలి. మొదట రెండు హుక్కులూ వంకర లేకుండా ఉన్నాయా, పెదవి అడ్డంగా సరిగ్గా కూర్చుందా, రెండు పక్కలా ఒకే వెడల్పు ఉందా చూడండి. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే దారం కట్టే కన్ను మీద చేయి వేయాలి. మీ వైపు వస్తున్న లూరు మీకు ఎడమ పక్కకు పోతుంటే, దాన్ని ముఖం మీ వైపు ఉండేలా పట్టుకుని, కన్నును మీ కుడి పక్కకు పటకారుతో కాస్త, కంటికి కనిపించీ కనిపించనంత, వంచండి. ఒకసారి వంచి, విసిరి చూసి, అవసరమైతే మళ్లీ వంచండి. ఇటూ అటూ పదే పదే వంచితే తీగ అలసిపోయి పెద్ద చేప పట్టినప్పుడు తెగిపోతుంది.

అదే కన్నును కిందికి వంచితే లూరు నీటిమట్టానికి దగ్గరగా ఈదుతుంది, పైకి వంచితే లోతుకు దిగుతుంది. పెదవి కూడా అంతే, ఒంటికి నిట్టనిలువుగా ఉంటే మీదనే ఉండి వెడల్పుగా ఊగుతుంది, ముందుకు చాచినట్టు ఉంటే లోతుకు పోతుంది. ఒడ్డు అలకు 45 డిగ్రీలు నాకు అనువుగా ఉంటోంది. పెదవి వెడల్పు నడుము మందానికి మించితే ఉధృతిలో లూరును తిరగేస్తుంది, అప్పుడు రెండు పక్కలా సమానంగా ఆకురాయితో అరగదీస్తే నిలబడుతుంది.

వంశధార (కళింగపట్నం):

రంగు పొక్కుల గురించి ఎవరూ రాయలేదు, నా ఉద్దేశంలో లూరు ఆయువు అంతా అందులోనే ఉంది. నీరు చేరేది పైనుంచి కాదు, తీగ దూర్చిన బెజ్జం లోపలి నుంచి. కొయ్య లోపల ఉబ్బి, పైన బిగుసుకున్న రంగును పొక్కులుగా లేపుతుంది. కాబట్టి రంగు వేయడానికి ముందు, బెజ్జాలన్నీ వేసిన తరువాత, లూరును ఉడికించిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపిన దాంట్లో ఒక రాత్రి నానబెట్టి, తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా వేలాడదీసి ఆరబెట్టండి. మన వానాకాలంలో దీనికి రెండు మూడు వారాలు పట్టినా తొందరపడకూడదు, తడి నూనె మీద వేసిన ఎపాక్సీ పొరలుగా ఊడివస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి బయట పరిచి ఆరనివ్వండి. హుక్కు ఊగి గీకే చోట రంగు మీద ఎపాక్సీ రెండు పూతలు వేయండి, తీగ బయటకు వచ్చే చోటును కూడా దానితోనే మూసేయండి.

తీగ విషయంలో ఒక మాట. 304 రకం స్టెయిన్‌లెస్ ఉప్పునీటిలో గుంటలు పడి తింటుంది. వెల్డింగ్ సామాను అమ్మే చోట 316ఎల్ రకం టిగ్ వెల్డింగ్ తీగ 1.6 మి.మీ. మందంలో మీటరు ముక్కలుగా దొరుకుతుంది, చేత్తో వంచుకోవడానికీ అనువుగా ఉంటుంది.

బూరుగు మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. కోనాం పళ్లు దిగితే ఒక్క చేపకే గుంటలు పడతాయి. బొబ్బిలిలో వీణలు చేసే పనస కొయ్య నాకు ఇష్టం, నార గట్టిది, స్క్రూ పట్టు కూడా బాగుంటుంది.

వడ్రంగి పని (బొబ్బిలి):

కళింగపట్నం వారి మాటలో న్యాయం ఉంది. పనస బూరుగు కన్నా చాలా గట్టిది. కాని 25 మి.మీ. మందంలో పనసతో చేస్తే ఒళ్లు 27, 28 గ్రాములు తూగుతుంది, సీసానికి ఏమీ మిగలదు. నడుమును 28 మి.మీ.కు పెంచండి. ఘనపరిమాణం పావు వంతు పెరిగి, ఆరు గ్రాముల దాకా సీసం పట్టే వీలు వస్తుంది, మొత్తం తూకం 60 గ్రాములకు చేరుతుంది. రాడ్డు ఆ బరువు విసరగలిగితే పనస, లేకపోతే బూరుగే. బూరుగు ఎంచుకుంటే పలచని ఎపాక్సీని కొయ్య పీల్చుకునేలా మొదటి పూతగా పట్టించండి, పైపొర గట్టిపడి పళ్లకు కొంత తట్టుకుంటుంది. అలా చేసినప్పుడు నూనె పని పెట్టుకోవద్దు, రెండింటిలో ఏదో ఒకటే.

చంపావతి తీరం (కోనాడ):

ఇంత ఓపికగా వివరించిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నా రాడ్డు మీద 30 నుంచి 80 గ్రాముల వరకు అని రాసి ఉంది కాబట్టి పనస, బూరుగు రెండింటితోనూ ఒక్కొక్కటి చేస్తాను. చెక్కి పెట్టుకున్న టేకు ఒళ్లు మరికొన్ని ఉన్నాయి, వాటిని ఏదైనా పనికి తేవచ్చా? మొగలో ఆటు నీరు జోరుగా దిగుతున్నప్పుడు కన్ను ఎటు వంచి వాడాలో కూడా దయచేసి చెప్పండి.

వడ్రంగి పని (బొబ్బిలి):

టేకు ఒళ్లను పారేయవలసిన పని లేదు. వాటికి పెదవి పెట్టకుండా, తోక వైపు 12 గ్రాముల సీసం పెట్టి మునిగే లూరుగా మార్చండి. పెదవి లేదు కాబట్టి గాలిలో బాణంలా పోతుంది. ఊపు స్వల్పమే, నిదానంగా చుడుతూ రాడ్డు కొనతో అప్పుడప్పుడు ఆడించాలి. ఎదురుగాలి వీచే రోజుల్లో దీన్ని మించినది లేదు.

మహేంద్రతనయ (బారువ):

ఆటులో నీరే లూరును లాగుతుంది, కాబట్టి కన్నును కిందికి వంచి ఉంచుకోండి, లేకపోతే ముక్కు ఇసుకలో దిగబడుతుంది. మొగ పక్కన నిలబడి, ప్రవాహానికి అడ్డంగా విసిరి, దారం బిగువుగా పట్టుకుని, చుట్టడం దాదాపు ఆపేయండి. లూరు నీటితో పాటు వంపు తిరుగుతూ సముద్రం వైపు జారుతుంది, ఆ వంపు చివర పండుగప్ప పట్టే అవకాశం ఎక్కువ. సముద్రం నుంచి పోటు ఎక్కుతున్నప్పుడు కన్నును మళ్లీ తిన్నగా చేసే బదులు రెండో లూరు వేరుగా ఉంచుకోండి, తీగ నిలుస్తుంది. ఒడ్డున అలివి వల లాగుతున్నప్పుడు ఆ దరిదాపుల్లో విసరవద్దు, ట్రెబుల్ హుక్కు వలలో పడితే విడదీయడానికి వాళ్ల పూట పని పాడవుతుంది.