నాన్న తద్దినం బుధవారమా, గురువారమా?

ప్రశ్న (శ్రీకాకుళం):
నాన్న పోయింది ఆశ్వయుజ బహుళ పంచమి నాడు. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో గురువారం గడిలో పంచమి అని చూసి బ్రాహ్మలకి ఆ రోజే చెప్పేశాను. నిన్న అమ్మ కళ్లజోడు పెట్టుకుని కింద చిన్న అక్షరాలు చదివింది. బుధవారం "చవితి ఉ. 10.20 వరకు", గురువారం "పంచమి ఉ. 8.05 వరకు" అని ఉంది. మరి భోక్తలు కూర్చునే వేళకి పంచమి ఏదిరా అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. డాలస్‌లో తమ్ముడు కూడా తనేరోజు పెట్టాలని అడుగుతున్నాడు.

జవాబు 1 (విజయనగరం):
బుధవారమేనండీ, అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. గడిలో పెద్దగా వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి, కానీ చంద్రుడి నడక రోజూ ఒకేలా ఉండదు కాబట్టి తిథి ఒకసారి 19 గంటలకే అయిపోతుంది, ఒకసారి 26 దాకా సాగుతుంది, అందుకే పొద్దున్నో మధ్యాహ్నమో మారిపోతూ ఉంటుంది. తద్దినానికి చూసేది అపరాహ్ణం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది, అంటే సుమారు ఒంటిగంట దాటాక మూడున్నర వరకు. ఆ వేళకి పంచమి ఉన్నది బుధవారమే కదా. అదే అరసవల్లి రథసప్తమికైతే అరుణోదయానికి సప్తమి ఉండాలి, వినాయక చవితికి మధ్యాహ్నం, శివరాత్రికి అర్ధరాత్రి. మా పైడితల్లమ్మ సిరిమాను మాత్రం వారం పట్టుకుని నడుస్తుంది, విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం.

జవాబు 2:
తమ్ముడికి మన క్యాలెండర్ ఫొటో పంపకండి. తిథి మారే క్షణం లోకమంతా ఒకటే, గడియారాలే వేరు. మన బుధవారం ఉదయం 10.20 అంటే అక్కడ అక్టోబర్‌లో మంగళవారం రాత్రి 11.50, పంచమి అయిపోయేది బుధవారం రాత్రి 9.35కి. ఈసారి ఇద్దరికీ బుధవారమే కుదిరింది, ప్రతి ఏడూ ఇలా కుదరదు, కాబట్టి వాళ్ల ఊరి పంచాంగం చూసుకోమనండి. ఇంకో మాట, రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాలు ముందే తెల్లారుతుంది, అక్కడి టైం చూసి ఇక్కడ బయల్దేరితే లెక్క తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మా పురోహితుడు గారికి ఫోన్ చేస్తే ఆయనా బుధవారమే అన్నారు. బ్రాహ్మలకి మార్చి చెప్పాను. అమ్మ అప్పుడే నువ్వులు, దర్భలు తెమ్మని చీటీ రాసిచ్చింది.