యుద్ధానికి ముందు నాటి బేకలైట్ స్టీల్ గిటార్: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు?

తీగలపిచ్చి:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా వెతుకుతుంటే ఎట్టకేలకు ఒక రికెన్‌బ్యాకర్ మోడల్ బి ల్యాప్ స్టీల్ (ఒళ్ళో పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించే ఎలక్ట్రిక్ గిటార్) చేతికొచ్చింది. ఆరు తీగలది, నల్ల బేకలైట్ (తొలినాటి గట్టి ప్లాస్టిక్) ఒళ్ళు, పైన క్రోమ్ రేకులు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదని అమ్మినాయన చెప్పారు. చూడ్డానికి దర్జాగానే ఉంది కానీ ఆంప్‌కి పెడితే చప్పుడే లేదు, వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు గరగర తప్ప. రేకుల మీద చుక్కలు చుక్కలుగా తుప్పు, రెండు బిరడాలు బిగుసుకుపోయాయి, ఒంటి నలుపు కాస్త మట్టిరంగుకి తిరిగింది, మెడ కలిసే చోట వెంట్రుకంత బీట ఉంది. నాకు దీన్ని పూర్తిగా ఒరిజినల్ పార్ట్స్‌తోనే నిలబెట్టాలని ఉంది. పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగం) మళ్ళీ చుట్టించి, రేకులకు కొత్త క్రోమ్ వేయించి, పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం), జాక్, వైర్లు ఆ కాలం నాటివి వెతికి పెట్టాలని ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలి?

మెరుపురేకు:
ముందు రేకులన్నీ విప్పి ప్లేటింగ్‌కి ఇచ్చేయండి, కొత్తదానిలా వస్తుంది. ఒళ్ళు కూడా నీళ్ళకాగితంతో రుద్ది బఫ్ కొట్టిస్తే అద్దంలా మెరుస్తుంది. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

పాతవాద్యం:
ఆగండి ఆగండి, ఇంకా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

తీగలపిచ్చి గారూ, మీ జాబితాలో సగం పనులు గిటార్‌ని బాగుచేసేవి కావు, దానిమీదున్న ఒరిజినల్‌ని ఊడబెరికేవి. ఇన్నేళ్ళుగా ఆ గిటార్ మీదే ఉన్న పాట్ తీసి, అదే ఏడాదిది ఇంకో గిటార్‌లోంచి తెచ్చి పెట్టారనుకోండి, అది పాత పాటే, కానీ మీ గిటార్‌ది కాదు. ఏది నిజంగా చచ్చిందో తేలాకే దేనికైనా వెతకాలి. చాలాసార్లు ఏదీ చచ్చి ఉండదు.

పికప్‌తో మొదలుపెడదాం, ఈ గిటార్ ప్రాణమంతా అక్కడే ఉంది. జార్జ్ బీచమ్ రూపొందించిన ఈ పికప్‌లో రెండు లాడం ఆకారపు అయస్కాంతాలు తీగల్ని పైనుంచి కిందికి చుట్టుకుని ఉంటాయి, తీగలు వాటి మధ్యలోంచి దూరి వెళ్తాయి, కాయిల్ కింద ఉంటుంది. ముందు ఆ లాడాల వెడల్పు కొలవండి. ఒకటిన్నర అంగుళం ఉంటే యుద్ధానికి ముందుది, ఒకటింపావు ఉంటే 1946 తర్వాతది. అమ్మినాయన మాటకంటే స్కేలు మాట నమ్మొచ్చు. తీగలు ఒంటిలోంచి వెనక్కి దూరి ఉన్నాయా, పైన విడిగా టెయిల్‌పీస్ (తీగల కొసల్ని పట్టి ఉంచే ముక్క) ఉందా అన్నది కూడా చూడండి, ముందువాటిలో ఒంట్లోంచే దూరతాయి.

కాయిల్ బతికే ఉందో లేదో చూడాలంటే మల్టీమీటర్ చాలు. పాట్‌కి వెళ్ళే పికప్ వైరు ఒక్కటి విడదీసి (అది చేయకపోతే పాట్ రీడింగ్ కూడా కలిసొచ్చి అంకె తప్పు చూపిస్తుంది) రెండు కొసల మధ్య ఓమ్స్ చూడండి. ఇందులో వాడిన రాగి తీగ ఇప్పటి పికప్‌ల కంటే లావు కాబట్టి అంకె తక్కువే వస్తుంది, ఇప్పటి హంబకర్‌లా (జంట కాయిల్ పికప్) ఏడెనిమిది వేలు రాలేదని కంగారుపడకండి. అసలు అంకే రాకపోతేనే తెగినట్టు. తెగినా కూడా వెంటనే చుట్టించకండి, ఎక్కువగా తెగేది కాయిల్ లోపల కాదు, సన్న తీగ బయటి వైరుకి అతికే చోట. అక్కడ చిలుము పట్టి తెగితే భూతద్దం కింద మళ్ళీ అతకొచ్చు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా: ఆ లాడాలు విప్పకండి. అది ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంత మిశ్రమం) కంటే ముందు తరం అయస్కాంతపు ఉక్కు, కిందపడినా, వేడి తగిలినా, ఊరికే విప్పి పక్కన పడేసినా బలం తగ్గుతుంది. తప్పనిసరై విప్పితే ఏది ఏ వైపుదో ముందే గుర్తు పెట్టుకుని, రెండు కొసల్నీ కలుపుతూ మెత్తని ఇనుప ముక్క ఆనించి ఉంచండి. ఇంకో సంగతి, స్టీల్ ఊల్ ఈ గిటార్ ఉన్న గదిలోకే రానివ్వకండి, దాని పొడి అంతా ఎగిరొచ్చి పికప్‌కే అంటుకుంటుంది, తర్వాత ఎంత దులిపినా పోదు.

మెరుపురేకు:
సార్, అయస్కాంతం సంగతి ఒప్పుకుంటా. కానీ తుప్పు రేకులు అలాగే వదిలేయమంటారా? తుప్పు ఆగదు కదా.

పాతవాద్యం:
వదిలేయమనలేదు, ప్లేటింగ్ వద్దన్నాను. మళ్ళీ క్రోమ్ వేయాలంటే పాత పూతంతా తీసేసి లోహాన్ని గట్టిగా బఫ్ చేస్తారు, అంచుల పదును పోతుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం పడుతుంది, రేకు ఆ గుంటలో ఇదివరకులా కూర్చోదు. పాత వాద్యాలు తెలిసినవాళ్ళకి కొత్త క్రోమ్ దూరం నుంచే తెలిసిపోతుంది, ఆ మెరుపే విలువ తగ్గిస్తుంది.

రేకులు విప్పి (విప్పేముందు ఫోటోలు, ఏ స్క్రూ ఏ రంధ్రానిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి) గిటార్‌కి దూరంగా పెట్టుకుని, నలిపిన అల్యూమినియం ఫాయిల్‌ని నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, కాబట్టి పూతకి గీత పడదు, తుప్పు మాత్రం లేస్తుంది. ఆరాక పలచగా మైనం. గుంటలు మిగులుతాయి, ఉండనీయండి. ఫాయిల్ వాడేముందు అది క్రోమేనా నికెలా అని ఖాయం చేసుకోండి: క్రోమ్‌కి నీలి ఛాయ, నికెల్‌కి కాస్త పసుపు ఛాయ. బిరడాల మీద నికెలే ఉండొచ్చు, నికెల్ మెత్తన, పాలిష్ ఎక్కువ పెడితే కింద ఇత్తడి బయటపడుతుంది.

ఇక బేకలైట్‌ని నీళ్ళకాగితంతో రుద్దమన్న సలహా మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. దాని పై పొర నున్నగా, గట్టిగా ఉంటుంది, కిందంతా రంపపు పొట్టులాంటి పూరకం కలిసిన రెసిన్. పై పొర పోతే కింద ముతకదనం బయటపడి ఎంత బఫ్ చేసినా మసగ్గానే ఉంటుంది. పైగా కొన్ని పాత బేకలైట్ మిశ్రమాల్లో ఆస్బెస్టాస్ కలిపేవాళ్ళు, మీ గిటార్‌లో ఉందో లేదో కంటితో చెప్పలేం, ఆ పొడి పీల్చే పని పెట్టుకోవద్దు. మెత్తని బట్ట, గోరువెచ్చని నీటిలో ఒక చుక్క తేలిక సబ్బు, బట్ట బాగా పిండి తుడవడం, వెంటనే ఆరబెట్టడం. అమ్మోనియా, బ్లీచ్ ఉన్న క్లీనర్లు వద్దు, ఆ రెసిన్‌కి క్షారం పడదు. తర్వాత కార్నౌబా మైనం రాస్తే నలుపు చాలావరకు తిరిగొస్తుంది. వెలుతురుకి వచ్చిన ఆ మట్టిరంగు పూర్తిగా పోదు, అది దాని వయసు.

ల్యాప్‌మీద:
మధ్యలో దూరుతున్నా. అసలు బేకలైట్ ఎందుకు వాడారు? అది పెళుసు కదా, గిటార్‌కి కట్టె ఉండగా?

పాతవాద్యం:
రికెన్‌బ్యాకర్ వాళ్ళ మొదటి ఎలక్ట్రిక్ స్టీల్, అదే 1932లో అమ్మకానికొచ్చిన ‘ఫ్రైయింగ్ ప్యాన్’, పోత అల్యూమినియంతో చేసింది. స్టేజీ లైట్ల వేడికి లోహం సాగి, పాట మధ్యలోనే శ్రుతి జారేది. బేకలైట్‌కి ఆ బాధ తక్కువ, బరువుగా గట్టిగా ఉంటుంది కాబట్టి తీగ మోత ఎక్కువసేపు నిలుస్తుంది, 1935లో మోడల్ బి అలా వచ్చింది. రేకులు మొదట్లో క్రోమ్, తర్వాత తెల్ల ఎనామెల్. ఎవరైనా తెల్ల రేకులున్నవాటిని చూసి ‘ఎవరో పెయింట్ కొట్టారు’ అని గీకేస్తారేమోనని ముందే చెప్తున్నా. పెళుసన్నది నిజమే, కిందపడితే పింగాణీ గిన్నెలా పగులుతుంది.

అందుకే ఆ వెంట్రుక బీట గురించి: తీగలన్నీ వదులు చేసి, బీట కొసన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, మళ్ళీ శ్రుతికి బిగించి రెండు రోజులు చూడండి. గుర్తు దాటకపోతే ఏమీ చేయకండి. దాటితే తీగలు దింపేసి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీలో నల్ల రంగుపొడి కలిపి నింపాలి, అది కూడా ఇలాంటివి చేసిన చెయ్యి అయితేనే. సూపర్‌గ్లూ కారిస్తే మళ్ళీ తీయలేం. మెడ స్క్రూలు వదులుగా ఉంటే బిగించొచ్చు, చేతికి ఆగిందనిపించిన చోట ఆపేయండి, బేకలైట్‌లో స్క్రూ గాడి అరిగితే దానికి మందు లేదు.

తీగలపిచ్చి:
చాలా థాంక్స్ అండీ. లాడాలు కొలిచాను, సరిగ్గా ఒకటిన్నర అంగుళం! తీగలు కూడా ఒంట్లోంచే దూరుతున్నాయి. పికప్ వైరు విడదీసి చూస్తే దాదాపు రెండు వేల ఓమ్స్ చూపించింది. అంటే బతికే ఉందా? మరి చప్పుడు ఎందుకు లేదు? వెనక పాట్ మీద 304తో మొదలయ్యే ఆరంకెల నంబర్ ఒకటి ఉంది, దానికేమైనా అర్థం ఉందా?

సోల్డర్‌పొగ:
బతికే ఉంది బ్రదర్, పండగ చేసుకోండి. ఆ పికప్ రెండు కొసలూ క్లిప్పులతో నేరుగా కేబుల్‌కి కలిపి, ఆంప్ సౌండ్ బాగా తగ్గించి, స్క్రూడ్రైవర్ కొసతో పోల్‌పీస్‌ని (కాయిల్ మధ్యలోని ఇనుప ముక్క) తాకించండి. టక్‌మని వినిపిస్తే దోషమంతా పాట్‌లోనో జాక్‌లోనో ఉన్నట్టు.

నంబర్ గురించి: మొదటి మూడంకెలు తయారీదారు కోడ్. 304 అంటే స్టాక్‌పోల్, 137 అంటే సి.టి.ఎస్. తర్వాత అంకెలు ఏడాది, వారం. ఆరంకెల కోడ్‌లో ఏడాదికి ఒక్క అంకే ఉంటుంది, చివరి రెండూ వారం. ఏడంకెలుంటే ఏడాదికి రెండు, అంటే 1376412 ఉంటే 1964లో 12వ వారం. ఇలాంటి కోడ్‌లు యుద్ధం తర్వాతి పాట్‌ల మీదే మామూలుగా కనబడతాయి, కాబట్టి మీ పాట్‌ని ఎవరో ఎప్పుడో మార్చారు. సోల్డరింగ్ కూడా చూడండి, అన్ని అతుకులూ ఒకే తీరున మసకబారి ఉన్నాయా, ఒకచోట మాత్రం కొత్తగా, ఉండలా ఉందా?

తీగలపిచ్చి:
టక్‌మంది!! అదీ ఎంత లావుగానో. పాట్ దగ్గర ఒక అతుకు మాత్రం వేరేగా మెరుస్తోంది, మిగతా వైర్లన్నీ గుడ్డ చుట్టినవి, అతుకులు నల్లబడి ఉన్నాయి. అయితే పాట్ ఒరిజినల్ కాదన్నమాట. మరి యుద్ధానికి ముందు పాట్ వెతకాలా?

పాతవాద్యం:
వెతకొచ్చు, కానీ దాని కోసం గిటార్‌ని మూగగా ఉంచకండి. ముందు ఉన్నదాన్నే బతికించి చూద్దాం. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా లోపలికి కొట్టి నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉంటే గరగర చాలావరకు పోతుంది. అప్పటికీ పలక్కపోతే వెనక మూత చెవులు మెల్లగా పైకి లేపి చూడండి, తరచూ వదులయ్యేది వైర్లు అతికే కాళ్ళకీ కార్బన్ పట్టీకీ మధ్యనున్న రివెట్టు. అది కాస్త నొక్కితే సరిపోతుంది, లేదంటే వెండి కలిసిన కండక్టివ్ పెయింట్ చుక్క.

అదీ కుదరకపోతే అదే విలువ ఉన్న కొత్త పాట్ పెట్టుకుని హాయిగా వాయించుకోండి, తీసినదాన్ని కవర్లో వేసి కేసులో దాచండి. గుడ్డ వైర్లు మాత్రం కత్తిరించొద్దు, అతుకు దగ్గర వేడి చేసి విడదీయండి. టోన్ నాబ్ కూడా ఉంటే దాని మైనపు కాగితపు కెపాసిటర్‌ని ‘పాతది, లీకవుతుంది’ అని మార్చేయకండి, గిటార్‌లో హై వోల్టేజీ ఉండదు కాబట్టి లీకైనా పెద్ద ప్రమాదం లేదు. దీనికి జోడీగా పాత వాల్వ్ ఆంప్ దొరికితే మాత్రం లెక్క పూర్తిగా వేరు, దాన్ని నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు, స్విచ్ ఆపినా లోపల కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండొచ్చు, తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.

బిగిసిన బిరడాలకి తీగలు వదులు చేసి, గేర్ల మీద నాఫ్తా చుక్కలు వేసి పాత జిడ్డు కరగనిచ్చి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. పటకారుతో మాత్రం తిప్పకండి, ఆనాటి ప్లాస్టిక్ చెవులు పొడి పొడిగా రాలతాయి.

పెడల్‌కింద:
నాదొక సందేహం. నాది 1960ల పెడల్ స్టీల్ (పెడళ్ళతో శ్రుతి మార్చే స్టీల్ గిటార్), కింద లింకేజీలో తెల్లగా పోతపోసిన ముక్కలు పగులుతున్నాయి. మీ లెక్కన వాటినీ మార్చకూడదా?

పాతవాద్యం:
అది మార్చాల్సిందే! అవి చవకరకం జింక్ మిశ్రమం పోతలు, ఒకసారి పగలడం మొదలైతే అతికినా నిలవవు, పెడల్ తొక్కిన ప్రతిసారీ బరువంతా వాటిమీదే. కదిలే భాగం, బరువు మోసే భాగం అయితే పనే ముందు, ఒరిజినల్ అన్నది తర్వాత. అల్యూమినియంలో కోసిన భాగాలు వేసుకోండి, కొత్త రంధ్రాలు మాత్రం వేయకుండా ఉన్న రంధ్రాల్లోనే కూర్చునేవి చూడండి. చేంజర్‌లో (పెడల్ తొక్కినప్పుడు తీగ శ్రుతి మార్చే భాగం) స్ప్రేలు కొట్టొద్దు, దుమ్ముతో కలిసి జిగురవుతాయి.

తీగలపిచ్చి:
పాట్ పలికింది! రివెట్టే. గరగర ఇంకా కొంచెం ఉంది కానీ సౌండ్ మాత్రం ఏం చెప్పను. రేకులకి ఫాయిల్ పనిచేస్తోంది. పెన్సిల్ గుర్తు ఇంకా దాటలేదు. చివరిగా ఒకటే, ఏ సైజు తీగలు వేయాలి? శ్రుతి సి6 (సి, ఇ, జి, ఎ స్వరాలది) అనుకుంటున్నా.

సోల్డర్‌పొగ:
స్కేలు (తీగ మోగే పొడవు) 22.5 అంగుళాలే కాబట్టి మామూలు గిటార్ సెట్ వేస్తే వదులుగా వేలాడుతుంది, సన్న తీగలు కాస్త లావువి కావాలి. కింద నుంచి సి ఇ జి ఎ సి ఇ కి 36, 30, 26, 22, 18, 15 (అంగుళంలో వెయ్యోవంతుల లావు) వేసి చూడండి. బీట తేలేదాకా అన్నీ ఒక స్వరం కిందికి శ్రుతి చేసుకోండి. పాత తీగలన్నీ ఒకేసారి తీసేయకండి, ఒక్కోటే మార్చుకుంటూ పోండి. కొత్త తీగని లాడం కిందనుంచి దూర్చేటప్పుడు అయస్కాంతం దాన్ని లాగేసుకుంటుంది, కొస చేత్తో పట్టుకునే ఉండండి, లేకపోతే కాయిల్ మీద గీసుకుంటుంది.